గంజి పెట్టిన పెద్దరికం

మండల కేంద్రం అన్నాక ఒక బస్టాండూ, ఒక వైన్ షాపూ, కనీసం ఒక వైట్ అండ్ వైట్ అన్నా ఉండి తీరతారు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల చెప్పులు. చొక్కా చేతి మడత ముట్టుకుంటే వేలు తెగేంత పదునుగా ఉంటుంది. పై జేబులోని ఫోను పలచటి బట్టలోంచి కనబడాలి, లేకపోతే పెట్టిన డబ్బు దండగ. పక్కన ఇద్దరు తమ్ముళ్లుంటారు. అన్న నవ్వినప్పుడు నవ్వడం, అన్న ఫోనులో ఉన్నప్పుడు ఎదుటివాళ్లను సైగతో నోరు మూయించడం వాళ్ల ఉద్యోగం. కుర్చీ దులపడం అదనపు బాధ్యత. ఇంతకీ అన్న ఏం చేస్తారని అడిగితే ఇదమిత్థంగా ఎవరూ చెప్పలేరు. ‘పెద్దమనిషి’ అంటారు. ఆ బిరుదు ఇచ్చింది చొక్కాకే.

ఆ తెలుపు మంచితనానికి సాక్ష్యమని జనం అనుకుంటారు. నిజానికి ఆ మనిషి పొద్దుట్నుంచీ దేన్నీ ముట్టుకోలేదనడానికి సాక్ష్యం. మే నెల దుమ్ములో సాయంత్రం దాకా చొక్కా నలగకుండా ఉండాలంటే ఏసీ కారైనా కావాలి, కారులో రెండో చొక్కా అయినా ఉండాలి. అన్నకు సాధారణంగా రెండూ ఉంటాయి. తెలుపులో ఇంకో వెసులుబాటు ఉంది. దాని మీద ఏ రంగు కండువా అయినా నప్పుతుంది కాబట్టి ఎన్నికల ముందు పార్టీ మారినా కొత్త బట్టల ఖర్చు రాదు. ఈ వేషం పుట్టినప్పటి లెక్క వేరు. 1921 సెప్టెంబరులో గాంధీ మదురైలో చొక్కా వదిలి కొల్లాయి కట్టారు, బట్ట కొనలేని వాళ్లతో సమానంగా ఉండాలని. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో నూలు వడికి ఖద్దరు నేస్తారు. అంత చాకిరీతో వచ్చిన తెలుపు చివరికి చాకిరీ ఎరగని ఒంటి మీదికెక్కింది.

కాబట్టి అన్న గుణం తెలియాలంటే చొక్కాను చూసి లాభం లేదు, దాన్ని ఇస్త్రీ చేసేవాణ్ని అడగాలి. నీళ్లు చిలకరించి, ముందు కాలరు, తర్వాత భుజాలు, ఆపైన చేతులు, చివర్న ఆ పదును మడత దగ్గర బొగ్గుల పెట్టెను కాసేపు అదిమిపట్టి ఆ పెద్దరికాన్ని రోజూ తయారు చేసేది అతనే. అతని నోటుబుక్కులో అన్న పేరు కింద చొక్కాల లెక్క పెరుగుతూ ఉంటుంది, అందిన డబ్బుల గడి ఖాళీ. అడిగితే ఏమనుకుంటారోనని అతను అడగడు. అడగలేదుగా అని అన్న ఇవ్వరు. టీ కొట్టు ఖాతాదీ అదే కథ. అదే గుడి ఉత్సవానికైతే చందా రొక్కంగా ఇస్తారు, అక్కడ మైకులో పేరు చదువుతారు కనుక. అభ్యర్థులు తమ మీదున్న కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ప్రకటించాలని 2002లో సుప్రీంకోర్టు చెప్పిన దగ్గర్నుంచీ మనుషుల్ని తూచడానికి ఒక అఫిడవిట్ అయినా ఉంది. అందులో బట్టల ఊసు లేదు. టీ కొట్టు బాకీకీ ఒక గడి పెట్టి ఉంటే బాగుండేది.

శుభ్రంగా ఉండటం కూడా తప్పేనా అని అన్న తరఫున ఎవరైనా అడగొచ్చు. తప్పు కాదు. మంచి బట్ట కట్టడమే నేరంగా చూసిన సమాజంలో అంబేడ్కర్ సూటు వేసుకుని నిలబడటం ఆడంబరమా? ఇంటర్వ్యూ కోసం అప్పుచేసి చొక్కా కొనుక్కునే కుర్రాణ్ని వెక్కిరించే హక్కు కూడా ఎవరికీ లేదు. పైగా మాసిన బట్టలోనే మహానుభావుడు ఉంటాడనుకోవడం అదే పొరపాటును తిరగేసి చేయడం. కెమెరా వస్తోందని హవాయి చెప్పులు వెతికి తొడుక్కునే వాళ్లూ మనకు కొత్త కాదు. టంగుటూరి ప్రకాశం మద్రాసులో బారిస్టరుగా దండిగా సంపాదించారు, ఉద్యమంలోకి దిగి ప్రాక్టీసు వదిలేశారు, సంపాదించిందంతా స్వరాజ్య పత్రికకూ ఉద్యమానికీ ధారపోసి 1957లో చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయారు. ఆయనతోపాటు ఖద్దరు కట్టినవాళ్లు వేలమంది. ఆస్తి అలా కరిగించుకున్నవాళ్లు ఎందరు?

అసలు గట్టి అభ్యంతరం ఇంకొకటుంది: అన్న లేకపోతే పని జరగదు. ఇది కాదనలేం. పాసుపుస్తకంలో సర్వే నంబరు తప్పు పడిందని లుంగీ కట్టిన రైతు తహసీల్దారు ఆఫీసుకు వస్తే అటెండరు బల్ల చూపిస్తాడు. అన్న వస్తే తలుపు తీస్తాడు. ఆ తేడా చూసిన రైతు మరుసటిసారి అన్నను వెంటబెట్టుకొస్తాడు, దానికో రేటు ఉంటుంది. అంటే చొక్కా మీద అన్న పెట్టేది ఖర్చు కాదు, పెట్టుబడి. దానికి వడ్డీ కడుతున్నది బట్ట చూసి లేచి నిలబడే అటెండరు, ఆఫీసరు, పెళ్లిళ్లలో ముందు వరస కుర్చీ ఖాళీ చేసే మనమూ. టోకెన్ నంబరు పిలిచే కౌంటర్ల దగ్గర మాత్రం ఆ పెట్టుబడి పారదు. అక్కడికి అన్న రారు, తమ్ముణ్ని పంపిస్తారు. తమ్ముడు గళ్ల చొక్కాలో వచ్చి, చీటీ పట్టుకుని, లుంగీ రైతు వెనకాలే నిలబడతాడు.