చేత్తో బిగించాల్సిన నట్టు

మా అక్కకు కారు టైరు మార్చడం వచ్చు. వైరా నుంచి తల్లాడ, ఏన్కూరు మీదుగా జూలూరుపాడు వైపు బడికి వెళ్లొచ్చే టీచరు. ఏన్కూరు దాటాక ఊళ్లు పలచబడి అడవి దగ్గరవుతుంది, పంచర్ షాపు వెతుక్కోవాల్సిందే. అందుకే కారు కొన్న కొత్తలోనే జాకీ ఎక్కడ పెట్టాలో, నట్లు ఏ వరుసలో విప్పాలో పట్టుబట్టి నేర్చుకుంది. కారుతో వచ్చిన ఎల్ పానాతో ఎవరి సాయం లేకుండా స్టెప్నీ వేసుకునేది. ఆ ధైర్యాన్ని నేను తీసేశాను. సాయం చేస్తున్నాననుకుంటూనే తీసేశాను.

నేను కొన్నది 18 వోల్టుల బ్యాటరీతో నడిచే ఇంపాక్ట్ రెంచి. మా దగ్గర గన్ను అంటారు. టైర్ల షాపుల్లో కంప్రెసర్ గాలితో తిరిగే గన్ను ఎప్పటినుంచో ఉంది, కానీ దానికి గొట్టం కావాలి, కంప్రెసర్ నడవాలంటే కరెంటు కావాలి. 2005 ప్రాంతంలో పనిముట్లలోకి లిథియం బ్యాటరీలు వచ్చాక ఆ తిప్పలు పోయాయి. పొలం గట్టు మీదికైనా చేత్తో పట్టుకుపోవచ్చు. వైరా రిజర్వాయర్ కింద వరి వేసేవాళ్లు దమ్ముకు ముందు ట్రాక్టరు టైర్లు విప్పి కేజీవీల్స్ వేస్తారు, దమ్ము అయ్యాక మళ్లీ టైర్లు. బురదలో నానిన నట్లు తుప్పు పట్టి, పానాకు పైపు తొడిగి ఇద్దరు తొక్కినా కదలవు. గన్ను పెడితే టకటకమని నాలుగు దెబ్బలకు వదిలేవి. రైతుల మొహాల్లో సంతోషం చూసి నాకు కడుపు నిండేది. ఆ పని మంచిదే, ఇప్పటికీ చేస్తాను. విప్పిన గన్నుతోనే బిగించడం దగ్గర దారి తప్పాను.

దాని లోపల మోటారు నట్టును నేరుగా తిప్పదు. స్ప్రింగు నొక్కి పట్టిన ఇనుప సుత్తి ఒకటి ఉంటుంది. నట్టు మొరాయించగానే సుత్తి వెనక్కి జారి, వేగం అందుకుని మళ్లీ వచ్చి కొడుతుంది. నిమిషానికి రెండు వేలకు పైగా దెబ్బలు. అంత బలం నట్టులోకి పోతున్నా పట్టుకున్న మణికట్టుకు పెద్దగా తెలియదు. చేతి పానా అయితే ఎంత బిగిసిందో భుజం చెబుతుంది. గన్ను డబ్బా మీద బిగింపు బలం వెయ్యి న్యూటన్ మీటర్లని రాసి ఉంది, అది చూసే కొన్నాను. చిన్న కారు నట్టుకు తయారీదారు చెప్పే బిగింపు మోడల్‌ను బట్టి సుమారు 85 నుంచి 110. ఆ అంకె ఉన్న పుస్తకం అక్క కారు అరలోనే ఉంది. నేను తెరవలేదు.

చెప్పినవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఖమ్మం రోడ్డులో టైర్ల షాపు పెద్దాయన, సింగరేణి టిప్పర్లు, గ్రానైట్ లారీలు, మిర్చి లోడ్ల కింద పడుకుని జీవితం గడిపిన మనిషి, నా చేతిలో గన్ను చూసి, “బాబూ, దాంతో ఇప్పు, చేత్తో బిగియ్యి. లేకుంటే దార్లో ఇప్పుకునేటోడు ఏడుస్తడు” అన్నాడు. సరేనని తలూపాను. పాతకాలపు మాటని లోపల కొట్టిపారేశాను. ఇన్నేళ్లలో నేను చేసిన తెలివితక్కువ పనుల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆ తలూపడమే. తెలియక చేసి ఉంటే వేరు, తెలిసిన మనిషి ఎదురుగా నిలబడి చెప్పాక చేశాను.

ఒక ఆదివారం అక్క కారు టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చాను. నట్లు తేలిగ్గా తిరుగుతాయని, అవి ఎక్కే స్టడ్లకు నూనె కూడా రాశాను. నూనె రాసిన మరల మీద అదే బలంతో బిగించినా స్టడ్డు ఇంకా ఎక్కువ సాగుతుందని అప్పుడు నాకు తెలియదు. గన్ను దెబ్బల మోత మొదలయ్యాక కూడా ఆపకుండా, నాకు తృప్తి కలిగేదాకా కొట్టాను.

కొన్ని వారాల తర్వాత, పొద్దుగూకే వేళ, జూలూరుపాడుకు ఇవతల అక్క కారు టైరు పంచరైంది. పక్కన బడి పిల్లాడు, నా మేనల్లుడు. లెక్క చెబుతాను. కారుతో వచ్చే పానా పావు మీటరు పొడవుంటుందనుకుంటే, దాని చివర 40 కిలోల బరువు మోపితే వంద న్యూటన్ మీటర్లకు దగ్గరగా వస్తుంది. అక్క పానా మీద కాలు వేసి నిలబడితే రావాల్సిన నట్టు అది. నేను 400 దాకా బిగించి ఉంటే అదే పానా మీద 160 కిలోలు మోపాలి. తల్లీకొడుకులిద్దరూ కలిసి తొక్కినా అంత బరువు లేరు.

నాకు ఫోన్ చేసింది. “తమ్ముడూ, నట్లు రావట్లేదురా. నేనేమన్నా తప్పు తిప్పుతున్నానా?” అని అడిగింది.

“తుప్పు పట్టి ఉంటాయక్కా” అన్నాను. వారాల కింద నేనే నూనె రాసి బిగించిన నట్లు. తుప్పెక్కడిది? ఆ మాట నోట్లోంచి వస్తున్నప్పుడే అబద్ధమని నాకు తెలుసు.

అటుగా వచ్చిన బొగ్గు టిప్పరు డ్రైవరు ఆగి, పానాకు పైపు తొడిగి లాగాడు. మూడు వచ్చాయి, నాలుగోది స్టడ్డుతో సహా తెగింది. మూడు నట్ల మీద మెల్లగా ఇల్లు చేరారు. ఆ తర్వాత టైరు సంగతి వచ్చినప్పుడల్లా అక్క “అది మగాళ్ల పనిలేరా, నాకు చేతకాదు” అనడం మొదలుపెట్టింది. స్టడ్డు ధర ఎంతని? ఆ మాట మాత్రం తనతో నేనే అనిపించాను.

కారును పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నన్నేమీ అనలేదు. మిగిలిన స్టడ్లకు కొత్త నట్టును వేళ్లతో ఎక్కించి చూపించాడు. సగం దాకా హాయిగా వెళ్లి అక్కడ పట్టేసింది. స్టడ్డు సాగి మరల మధ్య దూరం మారిపోయిందన్నమాట. చక్రాన్ని హబ్బుకు అదిమి పట్టి ఉంచేది స్టడ్డు కొంచెం సాగి వెనక్కి లాగే లాగుడే. హద్దు దాటి సాగితే ఆ లాగుడు నమ్మకం లేనిదవుతుంది, ఏదో ఒక గుంతలో తెగుతుంది. నాలుగు నట్లు ఒక్కోటి ఒక్కో బిగింపులో ఉంటే బ్రేకు డిస్కు కూడా వంకర పోవచ్చని, బ్రేకు తొక్కితే పెడలు అదరడానికి అదీ ఒక కారణమని ఆయనే చెప్పాడు. మామూలు మెరిసే సాకెట్లను గన్నుకు తొడిగినందుకు కూడా నివ్వెరపోయాడు. అవి దెబ్బలకు పగిలి కంట్లోకి ఎగరొచ్చు. గన్నుకు నల్లటి ఇంపాక్ట్ సాకెట్లే వాడాలి.

అప్పటికే వీధిలో ఎవరెవరి కార్ల నట్లు గన్నుతో బిగించానో వాళ్లందరి ఇళ్లకూ వెళ్లి జరిగింది చెప్పి, విప్పి, పాడైన స్టడ్లు నా డబ్బుతో మార్పించాను. అక్కకు చెప్పడానికే ఆలస్యం చేశాను. చెప్పాక తను కోప్పడింది, పడాల్సిందే.

మీరు టైర్లు ఎక్కడ మార్పించినా షాపు వదిలే ముందు ఒక్క పని చేయండి. చక్రం నేల మీద ఉండగా మీ కారు పానా తీసి ఒక నట్టును మీరే వదులు చేసి చూడండి. వస్తే దాన్ని మళ్లీ బిగించమనండి. రాకపోతే అక్కడే అన్నీ విప్పించి, నట్లు ముందు వేళ్లతో ఎక్కించి, ఎదురెదురుగా ఉన్నవి ఒకదాని తర్వాత ఒకటిగా, పుస్తకంలోని అంకె చూపించి బిగింపు కొలిచే టార్క్ రెంచితో బిగించమనండి. వంద కిలోమీటర్ల లోపు మరోసారి సరిచూడండి. ఇంట్లో ఆ కారు నడిపే ప్రతి ఒక్కరి చేతా ఆ నట్టు విప్పించి చూడండి, మళ్లీ బిగించడం మరవకండి.