రెండు నూళ్లు

సిరిసిల్లలో నూలంటే మగ్గమెక్కేది. వడ్లాయన దగ్గర నూలంటే ఇంచీలో ఎనిమిదో వంతు. హిందీ మిస్త్రీలు దాన్నే సూత్ అంటారు, అదీ దారమే. ముప్పై రెండేళ్లు జగిత్యాల చుట్టుపక్కల బడుల్లో లెక్కలు చెప్పిన నాకు ఈ నూలు విలువ రిటైరయ్యాకే తెలిసింది. అదీ సొంత వాకిట్లో, పదిమంది చూస్తుండగా.

మొదలుపెట్టింది అమెరికాలో ఉన్న మా అబ్బాయి. ఫోన్లో ఒక డైనింగ్ టేబుల్ ఫొటో పంపి, "అమ్మా, కింద కూర్చుని తింటే మోకాళ్లు అరుగుతాయి" అన్నాడు. మా ఆవిడ మోకాళ్లు అప్పటిదాకా నిక్షేపంగానే ఉన్నాయి. ఫొటో చూసిన మర్నాటి నుంచి కలుక్కుమనడం మొదలుపెట్టాయి.

కోరుట్లలో, జగిత్యాలలో రెడీమేడ్ టేబుళ్లు చూశాం. వేలితో తడితే అట్టపెట్టె చప్పుడు. చివరికి కొండగట్టు కింద రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డుకు చేరాం. దాని యజమాని నా దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాడే. పన్నెండేళ్లు దుబాయిలో షట్టరింగ్ కార్పెంటరుగా చేసి, ఎవరి మేడలకో చెక్కలు కొట్టి, విప్పి, వచ్చి ఇక్కడ షెడ్డు వేశాడు. బోర్డు మీద 'డిజైన్ స్టూడియో' అని ఉంది. ఊరు మాత్రం వడ్లోళ్ల షెడ్డనే అంటుంది.

లోపల రెండు యుగాలు పక్కపక్కనే నడుస్తున్నాయి. ఒక మూల సీఎన్‌సీ మెషిన్ గల్ఫ్ నుంచి సొమ్ము పంపుతున్న ఎవరో ఒకరి ఇంటి తలుపు మీద వెంకటేశ్వరస్వామిని చెక్కుతోంది. ఇంకో మూల వాళ్ల నాయన గోనెసంచి మీద కూర్చుని ఉలి నూరుతున్నాడు. రాయి మీద నాలుగు చుక్కల నీళ్లు, ముందుకు ఒక తోపు, వెనక్కి ఒక తోపు. కాసేపటికి ఆపి, ఉలిని ముంజేతి మీద పెట్టి తేలిగ్గా గీశాడు. నెరిసిన వెంట్రుకలు నాలుగు రాలాయి. అప్పుడు గానీ తృప్తి పడలేదు. ఆయన రెండు ముంజేతులూ నున్నగా ఉండటానికి కారణం నాకప్పుడు అర్థమైంది.

కొడుకు లాప్‌టాప్ తెరిచాడు. త్రీడీ బొమ్మలో మా టేబుల్. దాని మీద ద్రాక్షపళ్లు, పక్కన ఎవరో తెల్లామె, వెనక కిటికీలో నీలి సముద్రం.

"గిది మీ ఇల్లే సారూ."

మా కిటికీలోంచి పక్కింటి నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది. అయినా ఆ సముద్రం చూశాక అడ్వాన్సు ఇవ్వకుండా ఉండలేకపోయాను.

మా ఇష్టప్రకారం చేయించుకుంటున్నాం గనక మా ఇష్టాలు చెప్పాం. నాకు తెల్లకట్టె కలవని చేవ టేకు కావాలి. ఒక్క మొలగానీ మరగానీ ఉండకూడదు, అంతా కుసీ బెజ్జమూ పద్ధతి. మా ఆవిడకు కాళ్లు ఆనించుకోవడానికి కింద అడ్డపట్టీ కావాలి. ఎత్తు ముప్పై ఇంచీలు. వడ్లాయన అన్నీ రాసుకుని, పోతుంటే అడిగాడు: "దర్వాజ కొలిచిండ్రా సారూ?"

"మూడడుగుల దర్వాజ" అన్నాను, లెక్కల సారుకు తగ్గ గొంతుతో.

ఉగాదికి ఇస్తానన్నాడు. ఉగాది పోయింది. ఫోన్ చేస్తే చిన్న జయంతి అయిపోనీయమన్నాడు. కొండగట్టులో హనుమాన్ జయంతి ఏడాదికి రెండుసార్లు. చైత్ర పౌర్ణమికి చిన్నది, వైశాఖ బహుళ దశమికి పెద్దది. రెంటి మధ్యా దాదాపు నలభై రోజులు. పనివాళ్లలో సగంమంది మాల వేసుకున్నారు. దేవుడి పేరు చెప్పాక సారయినా ఏమనగలడు? పెద్ద జయంతి అయ్యాక కట్టె ఇంకా ఆరాలన్నాడు. అది మాత్రం నిజమేనట. పచ్చి కట్టెతో చేస్తే నిలువునా పొడుగు తగ్గదు గానీ అడ్డంగా ముడుచుకుని పగుళ్లిస్తుందట. "కట్టె కోసినంక గూడ ఊపిరి తీస్తది సారూ" అన్నాడు ముసలాయన.

శ్రావణంలో, ముసురు పట్టిన ఒక శుక్రవారం, ట్రాలీ ఆటోలో టేబుల్ దిగింది. అబద్ధమెందుకు, కళ్లు చెదిరాయి. అరచెయ్యి ఆనిస్తే నూనె రాసినట్టు జారింది. ఆరుగురు పట్టుకుని పక్కకు వాల్చి, దర్వాజ దాకా తెచ్చారు. ఆగిపోయింది.

మూడడుగులన్నది దర్వాజ బయటి కొలత. అటొక మూడు ఇంచీలూ ఇటొక మూడు ఇంచీలూ నిలువు చెక్కలు తీసేస్తే మిగిలేది ముప్పై. అది ఎండాకాలపు ముప్పై. వానలకు ఉబ్బిన వేపకర్ర, దాని మీద పాతికేళ్లుగా దసరాకో సంక్రాంతికో వేసిన రంగులు కలిసి రెండు నూళ్లు మింగేశాయి. కాళ్లు ముందు దూర్చి తిప్పుదామంటే అడ్డపట్టీ అడ్డం. కాళ్లు విప్పుదామంటే మొలల్లేవు, మరల్లేవు. కుసులన్నీ జిగురుతో బిగిసి కూర్చున్నాయి.

"మీరే గద సారూ వద్దన్నది" అన్నాడు శిష్యుడు. ఎనిమిదో తరగతిలో నేను వేసిన మార్కులన్నీ ఆ గొంతులో వినిపించాయి.

వీధి వీధంతా సలహాల మీద పడింది. కాళ్లు రెండు నూళ్లు కోయమన్నారు. దర్వాజ చెక్కమన్నారు. శ్రావణ శుక్రవారం పూట, పొద్దున్నే పసుపు రాసిన గడప దగ్గర రంపం పేరెత్తితే ఊరుకోనంది మా ఆవిడ. సిరిసిల్ల నుంచి వచ్చిన మా బావమరిది ఊరుకోక, "మా ఊళ్లె నల్ల పరంధాములు అగ్గిపెట్టెల పట్టే చీర నేసిండు బావా. నువ్వు ఇంట్ల పట్టని బల్ల చేయిస్తివి" అన్నాడు. ఆ మాటకు ఆటో డ్రైవరు కూడా నవ్వాడు. వాడికింకా కిరాయి ఇవ్వలేదు.

ముసలాయన ఒక్కడే నవ్వలేదు. దర్వాజ చెక్క మీద బొటనవేలితో రాసి, గోటితో రంగు గీకి చూసి తీర్పు చెప్పాడు: "ఎండాకాలం రానీయి సారూ. కట్టె గుంజుకుంటే ఒక నూలొస్తది. రంగు గీకితే ఇంకో నూలు."

అప్పటికి ముప్పైకి ముప్పై. కొంచెం కొబ్బరినూనె రాయాలి.

ప్రస్తుతానికి టేబుల్ వాకిట్లో టార్పాలిన్ కింద ఉంది. పొద్దున పూట దాని మీద కోతులు కూర్చుంటాయి, కింది అడ్డపట్టీ మీద పిల్లకోతులు. మేం లోపల పీటల మీద తింటున్నాం. మా ఆవిడ మోకాళ్లు బాగానే ఉన్నాయి. కొండగట్టు దర్శనం చేసుకుని జగిత్యాల మీదుగా పోయేవాళ్లెవరైనా మా ఇంట ఆగండి. వాకిట్లోనే ఎనిమిదిమందికి వడ్డించవచ్చు.