సర్వర్ గారికి జెడ్ ప్లస్

జూన్ నెలలో ఢిల్లీ చుట్టుపక్కల కరెంటు పోతే ఎవరి కులం ఏమిటో తేలిపోతుంది. ఏమీ లేనివాళ్లు డాబా మీదికి చేరతారు. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు ఒకే ఫ్యాను కింద ఇంటిల్లిపాదీ సర్దుకుంటారు. సొసైటీ జనరేటర్ ఉన్నవాళ్లు దాని బిల్లు చూసి చెమటలు కక్కుతారు. వీళ్లెవరికీ అందనంత ఎత్తులో, నోయిడాలోనో గ్రేటర్ నోయిడాలోనో, ఏసీ గదిలో సర్వర్ గారుంటారు.

ఆయనకున్నది జెడ్ ప్లస్ భద్రత. రెండు దారుల్లో వచ్చే కరెంటు, జంట యూపీఎస్‌లు, గదినిండా బ్యాటరీలు, పెరట్లో బారులు తీరిన జనరేటర్లు. చలికాలంలో గాలి విషమైనప్పుడు మన జనరేటర్ల మీద ఆంక్షలు పడతాయి. ఆయన డీజిల్ పొగకు మాత్రం 2023 చివరిదాకా మినహాయింపు ఉండేది! అత్యవసర సేవల జాబితాలో ఆస్పత్రి, మెట్రోల సరసన డేటా సేవలకూ కుర్చీ వేశారు.

వేయాల్సిందే లెండి. ఫ్యాను ఆగితే మనం నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటాం. ఆయనకు రెప్పపాటు కరెంటు పోతే రాస్తున్న లెక్క సగంలో తెగుతుంది. మీ ఖాతాలో డబ్బు తగ్గి ఉంటుంది, అవతలి ఖాతాలో పడి ఉండదు. అందుకే డేటాబేస్ ఏ పని చేసినా ముందు లాగ్ అనే చిట్టాలో రాసుకుంటుంది. కరెంటు వచ్చాక ఆ లాగ్ చదివి, సగంలో ఆగినవాటిని రద్దు చేస్తుంది. అయితే కొన్ని డిస్కులు వేగం కోసం, ఇంకా రాయకుండానే 'రాసేశాను' అంటాయి. ఢిల్లీలో ఈ విద్య డిస్కులకే పరిమితం కాదనుకోండి.

ఇంత భద్రతలోనూ ప్రమాదం దాగేది కరెంటు చేతులు మారేచోట. బ్యాటరీలు గంటల తరబడి మోయవు, జనరేటర్ లేచి లోడు అందుకునేదాకా కొన్ని నిమిషాలు నిలబెడతాయి, అంతే. 2024 జూన్ 17 మధ్యాహ్నం ఢిల్లీ విమానాశ్రయం మూడో టెర్మినల్‌లో కరెంటు తడబడింది నిమిషాలే. చెక్‌ఇన్, బోర్డింగ్, ముఖం చూసి లోపలికి పంపే డిజియాత్ర అన్నీ నోరెళ్లబెట్టాయి. ఆ రెండు రోజులకే, జూన్ 19న, ఢిల్లీ వాడకం 8,656 మెగావాట్లకు చేరి రికార్డు కొట్టింది. గ్రిడ్ మీద అలిగి లాభం లేదు, దానికీ ఎండాకాలమే.

మరి ఆ చేతులు మారే ఘట్టాన్ని మనం ఎలా పరీక్షిస్తాం? ఆదివారం పొద్దున జనరేటర్‌ను లేపి, లోడేమీ ఇవ్వకుండా, పది నిమిషాలు దగ్గించి, రిజిస్టర్లో సంతకం పెట్టేస్తాం. నిజంగా మెయిన్ దించి చూద్దామంటే మేనేజర్ గారి ముఖం మాడిపోతుంది. "ఏమైనా అయితే?" అంటారు. అవుతుందో లేదో తెలుసుకోవడానికే కదండీ పరీక్ష!

డేటా బ్యాకప్ సంగతీ అంతే. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో, ప్రభుత్వ డేటా సెంటర్లో యూపీఎస్ లిథియం బ్యాటరీలకే నిప్పంటుకుంది. కంచె చేను మేయడం పాతకాలం మాట, అక్కడ కంచె చేనునే తగలబెట్టింది. 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. మరీ పెద్దదని దానికి వేరేచోట బ్యాకప్ పెట్టలేదట!

మనదీ చిన్న చరిత్ర కాదు. 2012 జులై 30 తెల్లవారుజామున ఉత్తరాది గ్రిడ్ కూలింది. మర్నాడు మధ్యాహ్నం తూర్పు, ఈశాన్య గ్రిడ్లనూ వెంటబెట్టుకుని మళ్లీ కూలింది. 60 కోట్ల మందికి పైగా చీకట్లో పడ్డారు, ఢిల్లీ మెట్రో ఆగిపోయింది. ఆ రెండో రోజే విద్యుత్ మంత్రి సుశీల్ కుమార్ షిండేకు హోంశాఖ దక్కింది.

కాబట్టి సర్వర్ రూం ఇంజినీరు గారూ, ఈ ఎండలు ముదరకముందే ఒక్కసారి నిజంగా మెయిన్ దించి చూడండి. వేరే ఊళ్లో దాచిన బ్యాకప్ తెరుచుకుంటుందో లేదో తెరిచి చూడండి. గ్రిడ్ కూలిన రోజున ప్రమోషన్ ఇచ్చే పద్ధతి మీ కంపెనీలో లేదు.