ఫ్రీ ఏజెంటు ప్రకరణము: సటీకము

మూలము: "ట్రేడ్ కొట్టేశానండి మావయ్యా! ముసలి స్ట్రైకర్ని వదిలించుకుని ఇద్దరు కుర్ర డిఫెండర్లని లాగేశాను. ఇంకో గోలీ ఫ్రీ ఏజెంటుగా ఉన్నాడు, ఊరికే వచ్చేస్తాడు. ఆయ్, ఇంక మనల్ని ఆపేవాడు లేడండి!"

అవతారిక: కొత్తపేట వాస్తవ్యుడును, డిగ్రీ రెండవ సంవత్సరపు విద్యార్థియును, బంతిని కాలితో తన్ని యెఱుగనివాడును అగు నా మేనల్లుడు, వీథి అరుగుమీద కాళ్లు బారజాచి, చేతిలోని ఫోనునుండి కన్నెత్తకయే, మంత్రివర్గమును మార్చిన ముఖ్యమంత్రి గాంభీర్యముతో పలికిన వాక్యచతుష్టయ మిది. అమలాపురము బస్టాండు మొదలుకొని రాజోలు టీకొట్ల వఱకు ఇట్టి వాక్యములు ఇప్పుడు ఏ అరుగుమీదనైనను వినవచ్చును; పలుకువాని మొగమున మాత్రము నవ్వు కానరాదు. ఆ గాంభీర్యమే నాకు గిట్టనిది. కుఱ్ఱవాడు ఫోనులో ఫుట్‌బాలు ఆట ఆడుకొన్నచో ఎవరికిని నష్టము లేదు. ఆటను రాజ్యముగాను, తన్ను రాజుగాను ఎంచుకొని, గ్యాసుబండ దింపవచ్చినవాడు సైతము గుమ్మములో నిలిచి తన కొలువు ముచ్చటలు వినవలెనని కోరుట మాత్రము సహింపరాదు. గంభీరవాక్యమునకు గంభీరవ్యాఖ్యయే తగిన శిక్ష యని నేనీ టీకకు పూనుకొంటిని.

ప్రథమవాక్యమున కష్టపదములు లేవు. 'కొట్టేశాను' అనుటలోని ఆనందము తెలియనివాడు గోదావరికి ఈవల లేడు గనుక దానిని విడుచుచున్నాను. అక్కఱలేని మాట యాడనని ప్రతిజ్ఞ పట్టి వ్యాఖ్యలు వ్రాసిన కోలాచలము మల్లినాథసూరి మన తెలుగువాడే. ఆయన ప్రతిజ్ఞకు నేను కట్టుపడుట ఈ యొక్క చోటనే యని పాఠకులు ముందుగానే తెలిసికొందురుగాక.

ద్వితీయవాక్యము. ఇచట సందేహము: మావాడు వదిలించుకొన్న ఆ ముసలి స్ట్రైకరు అసలు ఎవని సొత్తు? ధర్మశాస్త్రకారులు వ్యాజ్యములకు మూలములైన వ్యవహారపదములను పదునెనిమిదిగా లెక్కించిరి. అందు అస్వామివిక్రయ మొకటి, అనగా తనది కాని సొత్తును తాను అమ్ముకొనుట. ఈ యాటలకు ముందుగా ఒక ఒప్పందపత్రము తెరమీదికి వచ్చును. దానిని చదివినవాడు లేడు, ఒప్పుకొననివాడు లేడు. ఆటలోని వస్తువు లేవియు ఆడువానికి అమ్మబడవనియు, వాడుకొనుటకు అనుమతి మాత్రమే ఈయబడుననియు అందు స్పష్టముగా ఉండును. కాబట్టి మావాడు తనది కానివానిని అమ్మి, తనవారు కాబోని యిద్దఱిని కొన్నాడు. అంతటితో ముగిసినను బాగుండును. ఫిఫా ఆటలో 2009లో వెలసిన అల్టిమేట్ టీమ్ అను సంతలో ప్రతి యమ్మకముమీదను నూటికి 5 నాణెముల వంతున ఆటయే కోసికొనును. అస్వామివిక్రయమునకు శిక్ష వేయుటకు మాఱుగా సుంకము వసూలు చేయు రాజు నొకనిని పాపము విజ్ఞానేశ్వరుడు ఊహింపలేకపోయినాడు.

విజ్ఞానేశ్వరుని పేరు వచ్చినది గనుక ఆయనను ఊరకే పంపివేయుట మర్యాద కాదు. కల్యాణి చాళుక్యుల కాలమున యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్య వ్రాసిన యీ మహాపండితుని, తిక్కనకు దశకుమారచరిత్రమును అంకితమిచ్చిన కేతన, తెలుగుపద్యములలోనికి తెచ్చినాడు. కోర్టు చట్టములను ఛందస్సులో చదువుకొన్న జాతి మనది. ఆ యాజ్ఞవల్క్యుని స్మృతిలో క్రీతానుశయ మను ప్రకరణము గలదు. కొన్నవాడు తరువాత పశ్చాత్తాపపడినచో సరకును మరలించుటకు ఎన్నాళ్లు గడువని అందు నిర్ణయింపబడినది. ఇనుమునకు 1 దినము, పాడిపశువునకు 3 దినములు, బరువు మోయు పశువునకు 5, రత్నములకు 7, విత్తనములకు 10 దినములు, దాసునకు పక్షము, దాసికి మాసము. మనుష్యుని ఇనుముతోను, ఎద్దుతోను ఒకే పట్టికలో కూర్చుండబెట్టిన యా పద్ధతిని సమర్థింప నే నెవడను? కాని ఆ పట్టికలో ఒక న్యాయము దాగియున్నది: వస్తువు తన దోషమును ఎన్నాళ్లకు బయటపెట్టునో అన్నాళ్లే గడువు.

పాడిపశువునకు మూడు దినములే యేల? దీనికి మితాక్షర కంటె మా తాతగారి గేదె మంచి ప్రమాణము. సంతలో గేదెను బేరమాడునప్పుడు దళారి పై తువాలు దింపి, దాని క్రింద కొనువాని వ్రేళ్లను పట్టుకొనును. ఒక్కమాటయైన పైకి రాదు, వ్రేళ్లే వందలు, వ్రేళ్లే వేలు, చూచువారికి తువాలు కదలుట మాత్రమే కనబడును. ఈలోపల ఇంటి పెద్ద పశువు దౌడ పట్టి పళ్లు చూచును, వెన్నుమీద సుడులు వెదకును, నాలుగడుగులు నడిపించి గిట్టలు చూచును. ఇంత చూచినను మోసపోవుట కలదు. ఏలయన అమ్మువాడు ముందటి పూట పాలు పితుకక పొదుగును నిండించి సంతకు తోలును. మొదటి పూట చెంబు పొంగిపొరలును, ఇంటిల్లిపాదికి సంబరము. రెండవ దినము చెంబు వెలితి. మూడవ దినము ఉదయము పితికినదే ఆ గేదె నిజమైన పాడి. గడువు మూడు దినములని నిర్ణయించిన స్మృతికర్త గేదెనో ఆవునో స్వయముగా కొని, రెండు దినములు సంతోషించి, మూడవ దినము విచారించిన గృహస్థుడై యుండవలెనని నా నిశ్చితాభిప్రాయము. పూర్వవ్యాఖ్యాతలు దీనిని గుర్తింపకపోవుట చింతింపదగినది.

ప్రకృత మనుసరింతము. ఆటగాడు పురుషుడు గనుక యాజ్ఞవల్క్యుని లెక్కకు పక్షము దినముల పరీక్ష ఉండవలెను. మావాడు కొను ప్యాకునకు, అనగా లోపల ఎవరున్నదియు తెలియక కొను ఆటగాండ్ల మూటకు, నిమిషమైనను లేదు. పైకము ముందు పోవును. పిమ్మట తెర చీకటియగును, వెలుగు చిమ్ముకొనివచ్చును, మొదట ఒక దేశపు జెండా, తరువాత ఆడు స్థానము, తరువాత క్లబ్బు ముద్ర. ఒక్కొక్కటి వెలువడుచున్నకొలది మావాని యూపిరి నిలిచిపోవును. తుట్టతుదకు బయటపడు మొగము, అదివఱకే వానియొద్ద మూడున్న మొగము. మరలించుటకు చోటు లేదు. ఫిఫా 21లో, కొనకముందే లోపలివారిని చూపు ప్యాకులు వచ్చినవి గదా యని పూర్వపక్షి అడుగవచ్చును. నిజమే, అవి వచ్చుటకు ముందు ఏండ్ల తరబడి మూతవేసిన కుండనే అమ్మిరనుటకు అదియే సాక్ష్యము. ఇది క్రయము కాదు, ఆ పదునెనిమిది వ్యవహారపదములలో వేఱొకటియగు ద్యూతసమాహ్వయమే యని 2018లో బెల్జియము దేశపు జూద నియంత్రణాధికారులు తేల్చిరి. 2019 జనవరిలో ఆ దేశమున ఫిఫా ఆటకు పైకము పుచ్చుకొని, ప్యాకులు కొనుటకు వలయు పాయింట్లు అమ్ముట నిలిచిపోయినది. ప్రాణులచేత ఆడించు పందెమునకు సమాహ్వయమని పేరు. సంక్రాంతి మూడు దినములును ఆ శాస్త్రమును ఆచరణలో చూపు కోనసీమవానికి దీనిని వివరించుట తాతకు దగ్గు నేర్పుటయే.

తృతీయవాక్యము. ఇది ఈ ప్రకరణమునకు గుండెకాయ. ముందుగా పాఠశుద్ధి: ట్రేడును, ఫ్రీ ఏజెంటును అమెరికావారి ఫుట్‌బాలులో మెండుగా వినబడు పరిభాష, అందు బంతిని కాలితో కంటె చేతితో పట్టుటయే మెండు. అచట గడువు తీఱిన ఆటగాడు తనకు నచ్చిన జట్టును వెదకికొను పద్ధతి 1993లోను, జీతములకు కట్టుబాటు 1994లోను స్థిరపడినవి. మావాడు గుండ్రని బంతి యాటలో ఆ మాటలు కలిపినాడు. దోషము క్షమింపదగినదే.

క్షమింపరానిది 'ఊరికే వచ్చేస్తాడు' అనుట. ఊరికే వచ్చు నా స్వాతంత్ర్యమునకు ఒకడు తన బ్రతుకును ధారపోసెను. జాన్ మార్క్ బోస్‌మన్ అను బెల్జియము ఆటగానికి లియేజ్ క్లబ్బుతో ఒప్పందము 1990లో ముగిసినది. ఫ్రాన్సులోని డంకెర్క్ జట్టునకు పోవుదునన్నాడు. గడువు ముగిసిన వానిని విడుచుటకును పాత క్లబ్బు వెల యడిగినది, ఆ మార్పిడి కుదురలేదు. వాడు కోర్టుకెక్కెను. 1995 డిసెంబరు 15న లక్సెంబర్గులోని ఐరోపా న్యాయస్థానము, ఒప్పందము తీఱిన ఆటగాడు ఐరోపా సమాజ దేశములలో వెల లేకయే వేఱొక క్లబ్బునకు పోవచ్చునని తీర్పు చెప్పినది. అప్పటికి బోస్‌మన్ ఆటకాలము గడచిపోయినది. తరువాతి తరమువారు ఆ తీర్పు నీడన కోట్లు గడించిరి; వాడు ఇబ్బందులలో మునిగెను.

అంత దూరమేల? రహీము సాహెబు శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా 5 సారులు రోవర్స్ కప్పు గెలిచినది. ఆ రహీమే 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున మన దేశపు జట్టును నాలుగవ స్థానమునకు చేర్చెను. ఆ రహీము నగరపు పేరు పెట్టుకొన్న హైదరాబాదు ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్సును పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగు గెలిచినది. మూడు పెనాల్టీల నడ్డగించినవాడు గోలీ లక్ష్మీకాంత్ కట్టిమణి. ఆ సంవత్సరపు ఫిఫా 22 ఆటలో ఆ లీగు చేరియుండెను గనుక ఆ జట్టును ఎంచుకొని కొత్తపేటలోను ఆడుకొనుటకు వీలుండెను. ఇంగ్లండులోని మూడవ తరగతి జట్టులో ఎక్కని గోలీ పేరును, ఎత్తును, ఎడమకాలి వాటమును ఏకరువు పెట్టు మావాడు కట్టిమణి పేరు చెప్పినప్పుడు ఎవరండీ అని నన్నే అడిగెను. రెండేండ్లు తిరుగకముందే ఆ క్లబ్బులో జీతములు బకాయిపడినవి. క్రొత్తవారిని చేర్చుకొనరాదని నిషేధములు వచ్చినవి. గెలిచిన జట్టులోనివారు పలువురు చెల్లాచెదరై వేఱు క్లబ్బులు వెదకికొనిరి. ఆ పిమ్మట క్లబ్బే ఢిల్లీకి తరలినది. స్మృతిలో దీనికిని ప్రకరణ మున్నది, వేతనాదాన మందురు. పని చేయించుకొని కూలి ఈయని యజమానిని గూర్చి ధర్మశాస్త్రము మాటాడినది; మావాని యాటలో ఆ మీట లేదు. అందు జీతమందక మానినవాడును, వెల పెరిగి మానినవాడును ఒకే రంగు చీటీమీద ఒకే చిఱునవ్వుతో నిలుచుందురు. మావాడు వారిని బొటనవ్రేలితో ప్రక్కకు త్రోయుచు 'వీడొద్దు, వీడొద్దు' అనుచుండును. నాకు కడుపు మండునది ఇచటనే.

చతుర్థవాక్యము అతిశయోక్తి. వ్యాఖ్య అనవసరము.

తాత్పర్యము: అంబాజీపేటలో వెయ్యి కొబ్బరికాయల వెల తగ్గినదని వర్తకునితో ఒక పూట వాదించి, దింపు డబ్బు పుచ్చుకొని మా బావగారు ఇంటికి వచ్చిరి, అందు కొంత ఆయన ఫోనునుండియే, ఆయనకు తెలియకుండగనే, పైన చెప్పిన యిద్దఱు కుర్ర డిఫెండర్ల క్రింద వ్యయమైనది. ట్రేడు అనగా ఇదియే.

ఈ టీక ముగియునప్పటికి ఆ యాటకు క్రొత్త సంవత్సరపు ప్రతి వెలువడినది. పాతదానిలో కూడబెట్టిన జట్టు క్రొత్తదానిలోనికి రాదట. స్ట్రైకరు, డిఫెండర్లు, ఊరికే వచ్చిన గోలీ, అందఱును పాత ప్రతియందే నిలిచిపోయిరి. మావాడు మరల మొదటినుండి కొనుచున్నాడు, నేను వ్యాఖ్యానించిన మూలవాక్యము వానికే జ్ఞాపకము లేదు. మూలము నశించి వ్యాఖ్య మాత్రము మిగిలిన గ్రంథములు తంజావూరు సరస్వతీమహలులో వెదకినచో దొఱకవచ్చును. వానిప్రక్క దీనికి కాస్త చోటు చూపుడని వేడుకొందును.