టీకి టీకా

అవతారిక. ఈ పద్యకర్త అల్లవరం మండలంలో ఒక బడిలో ఇంగ్లీషు మాస్టారు. టీకాకారుణ్ణయిన నేను అదే బడిలో తెలుగు పండితుణ్ణి. ఇరవై ఏళ్ళుగా స్టాఫ్‌రూములో ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుంటున్నాం. ఆయన సెలవు పెట్టి, సొంత సొమ్ము పోసి, సరిగ్గా సంక్రాంతి నెలలో ఇంగ్లండులోని లీడ్స్ నగరానికి నాలుగు వారాల ఇంటెన్సివ్ కోర్సుకి వెళ్ళారు. ఇంటెన్సివ్ అంటే ఏమిటండీ అని నేనడిగితే, "పదో తరగతి పిల్లలకి మనం మార్చిలో చేసేదే. ఈసారి నాకు చేస్తారు" అన్నారు. కనుమనాడు గంగలకుర్రు ప్రభలు కౌశిక నది దాటి జగ్గన్నతోటకి వెళ్తుంటే, జనంలో నిలబడి ఉన్న నా ఫోనుకి ఈ పద్యం వచ్చింది.

ఇంతి యడిగె టీకి నెన్ని గంటలకని
యైదుకంటి నేను హాయిగాను
తెల్లవారె రాదు తేనీరు చీకటే
ఆయ్ అనె నపు డామె యాలు పెట్టి

ఇంతి = స్త్రీ. ప్రబంధాల్లో ఇంతికి పదహారు దాటవు. ఈ ఇంతికి డెబ్బై రెండు. మాస్టారికి గది అద్దెకిచ్చి తిండి పెట్టే పెద్దావిడ. మొదటి పాదం రెండో సగంలో "ఎన్ని" ఉంది కాబట్టి యతి కుదరడానికి ఇంతి అయింది తప్ప, పాపం ఇందులో ఆవిడ ప్రమేయం ఏమీ లేదు.

టీకిన్ = టీకి. ఇక్కడ ఆగాలి. టీ అంటే టీయే కదా, దానికి టీక ఏమిటని పూర్వపక్షం. అది అల్లవరం సెంటర్లో చెల్లుతుంది, లీడ్స్‌లో చెల్లదు. చైనా తీరంలో "తే" అన్న మాట డచ్చి వర్తకుల ఓడలెక్కి టీ అయింది. నేలదారిన నడిచి వచ్చింది చాయ్ అయింది. ఓడలో వచ్చినది ఇంగ్లండు ఉత్తర సీమకి చేరేసరికి కూడు అయి కూర్చుంది. లీడ్స్ ఉన్న యార్క్‌షైర్ ఇళ్ళలో మధ్యాహ్నం తినేది డిన్నరు, సాయంత్రం తినేది టీ. బళ్ళలో పిల్లలకి మధ్యాహ్నం వడ్డించే ఆడవాళ్ళని డిన్నర్ లేడీలనే అంటారు. కాబట్టి ఆవిడ అడిగింది "రాత్రి భోజనం ఎన్నింటికి పెట్టమంటారు" అని.

ఐదుకు అంటి = ఐదింటికి అన్నాను. ఏ ఐదు? కవి హృదయంలో ఉన్నది తెల్లవారుజామున ఐదు. ఆ వేళకి ఇక్కడ వాళ్ళావిడ స్టీలు గ్లాసు చేతికందిస్తుంది. ఇంతి హృదయంలో ఉన్నది సాయంత్రం ఐదు. అంకె ఒక్కటే, సూర్యులు ఇద్దరు.

హాయిగాను = పాదపూరణం. హాయి అక్కడితో సరి.

తెల్లవారె, చీకటే = తెల్లవారింది, అయినా చీకటే. ఇది విరోధాభాసాలంకారం అని మురిసిపోయి నేను జవాబు పెట్టాను. అలంకారం కాదు పండితుడుగారూ, జనవరిలో ఇక్కడ ఎనిమిది దాటితే గాని సూర్యుడు రాడు అని ఆయన తిరుగు జవాబు. ఆ చీకట్లో మఫ్లరు చుట్టుకుని వంటింట్లో కూర్చున్న మాస్టారిని చూసి, పైనుంచి ఆవిడ గొడుగు పట్టుకుని దిగిందట, దొంగ అనుకుని. ఆ సాయంత్రం క్లాసు అయ్యాక ఆయన లైబ్రరీలో కూర్చుని ఏడింటికి ఇల్లు చేరితే, ఐదింటి టీ బల్లమీద చల్లారి ఉంది.

యాలు = ఆలు. అల్లవరం మనిషెవడూ ఆలు అనడు, బంగాళాదుంప అంటాడు. అది ఆటవెలదిలో ఇమడదు. ఆలు అంటే భార్య అని మరో అర్థం. ఉడికిన దుంప చూడగానే వాళ్ళావిడ వేపుడు గుర్తొచ్చిందని ధ్వని. కవి ఒప్పుకోలేదు. కవి ఒప్పుకోలు టీకాకారుడికి అక్కర్లేదు.

ఇక ఆయ్. "ఇదేనా టీ?" అని మాస్టారడిగితే ఆవిడ అన్న మాట. ఉత్తర ఇంగ్లండులో అవునని చెప్పడానికి ఉన్న మాట అచ్చం మన ఆయ్‌లాగే ఉంటుంది. తర్వాతి అచ్చుతో సంధి చేయలేదని ఛాందసులు దోషం పడతారు. గోదావరి జిల్లాల్లో ఆయ్ ఎవరితోనూ సంధి చేసుకోదు, దాని దారిన అది నిలబడుతుంది. ఇదే మాస్టారు ఇరవై ఏళ్ళుగా "ఆయ్ ఏమిట్రా, యస్ సార్ అను" అని పిల్లల చెవులు మెలేశారు. డేనియల్ జోన్స్ 1917లో వేసిన ఉచ్చారణ నిఘంటువు ఆయనకి వేదం. బి యు ఎస్‌ని బుస్ అని చదివిన ఓడలరేవు కుర్రాడు ఒకసారి పీరియడంతా నిలబడ్డాడు. లీడ్స్‌లో ఇంతి రోజూ బుస్సే ఎక్కుతుంది.

తెలుగువాడికి ఈ గొడవ ఎందుకంటే, దీనికి ఎదురుకథ మన దగ్గరే ఉంది. బ్రౌన్ దొర 1817లో మద్రాసులో దిగి, 1812లో పెట్టిన సెంట్ జార్జి కోట కాలేజీలో తెలుగు చదివాడు. అదీ ఇంటెన్సివ్ కోర్సే. 1820లో పరీక్ష నెగ్గి కడప వెళ్ళాడు. తర్వాత జూలూరి అప్పయ్య పండితుడి చేత మనుచరిత్రకీ వసుచరిత్రకీ టీక రాయించాడు. దొరకి పండితుడు దొరికాడు. మాస్టారు లీడ్స్‌కి టీక లేకుండా వెళ్ళారు.

తాత్పర్యం. టీ అడిగితే దుంప వచ్చింది.

విశేషం. మాస్టారు తిరిగి వచ్చి నెల అయింది. హాజరు వేస్తుంటే పిల్లలు ఆయ్ అంటున్నారు, ఆయన తల ఎత్తకుండా టిక్కు పెడుతున్నారు. ఇన్‌స్పెక్షను రోజున మాత్రం "ప్రెజెంట్ సార్" అనాలట.