అయ్యగారు రమ్మంటున్నారు

ఈ కాలం పిల్లలకి భయపడటం కూడా సరిగ్గా చేతకావడం లేదు. ఉట్టినే అనడం లేదు, మా మనవడిని చూసే అంటున్నాను. హైదరాబాదులో ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. పండక్కి వచ్చినా ఒళ్లో ఆ ల్యాప్‌టాప్ దిగదు. విస్తరి ముందు కూర్చున్నాడో లేదో ఫోను టింగుమంది. మేనేజరట. వీలుంటే ఒకసారి మాట్లాడదాం అని మెసేజీ. అంతే. ఏం మాట్లాడాలో లేదు, ఎందుకో లేదు. కుర్రాడి ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. పప్పన్నం అలాగే వదిలేసి మేడ మీదకి పరిగెత్తాడు. పావుగంటకి దిగొచ్చి, "వచ్చే నెల సెలవులెప్పుడో అడిగాడు తాతా" అన్నాడు. దానికా ఇంత దడ? ఏం తప్పు చేశావురా అంటే ఏమీ చెయ్యలేదంటాడు. ఏమీ చెయ్యనివాడికి గుండెలు జారిపోవడమేమిటి?

మా రోజుల్లో అలా కాదు నాయనా. తప్పు చేసినవాడు వణికేవాడు. చెయ్యనివాడు చేతిలో ఉన్న కాఫీ పూర్తిచేసి మరీ లేచేవాడు.

నేను తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరేనాటికి మండలాలు లేవు. అవి రామారావుగారి హయాంలో, 1985లో వచ్చాయి. అంతకు ముందు ఏడాదే కరణాల్నీ మునసబుల్నీ తీసేశారు. ఆ మార్పులతో ఏం బాగుపడ్డామో ఇంకోసారి చెప్తాను, ఇప్పుడు మొదలెడితే తెల్లారిపోతుంది. అప్పటికి తాలూకాకంతటికీ తహశీల్దారు ఒక్కడే దొర. ఆయన పిలుపు చెప్పాపెట్టకుండా జేబులోకి ఊడిపడేది కాదు, నడిచి వచ్చేది. ముందు లోపల బల్ల మీద గంట మోగేది. గుమ్మం పక్కన స్టూలు మీద కునుకుతున్న బంట్రోతు లేచి, తలపాగా సర్దుకుని లోపలికి వెళ్లేవాడు. హాల్లో అందరి కలాలూ ఆగేవి. బయటికొచ్చి ఏ వైపు తిరుగుతాడా అని అందరి చూపూ అటే. అతగాడు తాపీగా బల్లల మధ్య నుంచి నడిచొచ్చి, మన బల్ల దగ్గర ఆగి, కాస్త వంగి, "అయ్యగారు రమ్మంటున్నారండి" అనేవాడు.

అప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే. ఫైలు పట్టుకు రమ్మన్నారా, ఊరికే రమ్మన్నారా? ఫైలుతో రమ్మంటే పర్వాలేదు, ఏదో సందేహం, తీర్చి రావచ్చు. ఊరికే రమ్మన్నారంటే మాత్రం మాట ఫైలు గురించి కాదు, మన గురించే. ఏ మూడ్‌లో ఉన్నారో కూడా బంట్రోతే చెప్పేవాడు. "పొద్దున కలెక్టరాఫీసు నుంచి తపాలా వచ్చిందండి, అది చదివిన కాడ్నించి ఎవరితోనూ పలకట్లేదు" అని ఆ ఒక్క ముక్క చెవిలో వేస్తే మన జాగ్రత్తలో మనం ఉండేవాళ్లం. మీ ఫోను చెప్తుందా ఆ మాట?

దొరగారి గదికి సగం తలుపులు, స్ప్రింగువి. కింద నుంచి ఆయన కాళ్లు కనబడేవి. చెప్పులు విప్పేసి పాదం ఊపుతున్నారంటే ప్రాణం కుదుటపడేది. రెండు పాదాలూ చెప్పుల్లోనే, నేలకి ఆనించి, కదలకుండా ఉన్నాయంటే చొక్కా పై గుండీ కూడా పెట్టుకుని వెళ్లాలి. ఇవన్నీ ఏ నిబంధనల పుస్తకంలోనూ లేవు, పెద్దవాళ్లను చూసి నేర్చుకున్నాం.

నా పక్క సీటాయన సంగతి చెప్తాను, పేరెందుకులెండి. ఒక ముసలి రైతు పట్టా మార్పు కోసం అర్జీ పెట్టుకున్నాడు. ఈయన దాన్ని తన పర్సనల్ రిజిస్టరులో ఎక్కించకుండా, సొరుగులో పరిచిన పాత దినపత్రిక కిందికి తోసేశాడు. బద్ధకమో, ఇంకేమన్నా ఆశించాడో నాకు తెలియదు. ఆ రైతు తువ్వాలు భుజాన వేసుకుని వారం వారం వచ్చి వరండాలో కూర్చుని పోతుండేవాడు. ఆ రైతు వచ్చిన రోజున ఈయనకి అన్నం సహించేది కాదు. ఒకనాడు మధ్యాహ్నం గంట మోగింది, బంట్రోతు లోపలికెళ్లి వచ్చి తిన్నగా ఈయన బల్ల దగ్గర ఆగాడు. ఇంకా నోరు విప్పనేలేదు. ఈయన లేచి నిలబడ్డాడు, సొరుగు లాగాడు, దినపత్రిక ఎత్తి ఆ అర్జీ తీశాడు, ముడతలు అరచేత్తో సాపు చేసుకుంటూ లోపలికెళ్లి దొరగారి ముందు పెట్టి మొత్తం చెప్పేసుకున్నాడు. తీరా చూస్తే బంట్రోతు వచ్చింది జిగురు సీసా కోసం. గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకోవడమంటే నేను కళ్లారా చూసింది అదే.

ఆఫీసంతా నవ్వింది, నేను నవ్వలేదు. ఎందుకంటే ఆ వారంలోనే రైతు పని పూర్తయింది. అదీ భయమంటే. ఒకడి గుండెలో ముల్లులా ఉండి, ఇంకొకడికి న్యాయం జరిపించాలి. ఆయనకి మెమో ఇచ్చారు, సంజాయిషీ రాసుకోమని గడువిచ్చారు, ఏడాది ఇంక్రిమెంటు ఆపారు. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కాగితానికి డిస్పోజల్ ఉన్నట్టే తప్పుకీ డిస్పోజల్ ఉండేది.

సర్కారు కొలువులో మనిషిని తీసెయ్యాలంటే ఆరోపణ చెప్పాలి, విచారణ జరపాలి, చెప్పుకునే అవకాశమివ్వాలి. రాజ్యాంగంలో 311వ అధికరణం ఉన్నది అందుకే. సస్పెండు చేసినా సగం జీతం లెక్కన జీవన భత్యం ఇచ్చేవారు, ఇంట్లో పొయ్యి ఆరిపోకుండా. మరి ఇప్పుడు? 2021 డిసెంబరులో అమెరికాలో బెటర్ డాట్ కామ్ అనే కంపెనీ పెద్ద, దాదాపు 900 మందిని ఒకే జూమ్ కాల్‌లోకి పిలిచి, ఈ కాల్‌లో ఉన్నవాళ్లందరికీ ఉద్యోగాలు పోయాయని చెప్పి ముగించాడు. 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తీసేస్తున్నామని ప్రకటించింది, చాలామందికి ఆ కబురు ఈమెయిల్లోనే వచ్చింది. ఎవడేం తప్పు చేశాడని? హెచ్-1బి వీసా మీద అక్కడున్న మన పిల్లలకి కొలువు పోతే మహా అయితే 60 రోజులు. ఆలోగా ఇంకో కొలువన్నా దొరకాలి, వీసా అన్నా మార్చుకోవాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. ఇది తలుచుకున్నప్పుడు మావాడు పప్పన్నం వదిలి ఎందుకు పరిగెత్తాడో నాకు అర్థమవుతుంది. అర్థమైన కొద్దీ ఒళ్లు మండుతుంది.

మా దొరలందరూ ధర్మరాజులని నేననను. నోటి దురుసు మనుషులుండేవారు. కుర్చీ చూపించకుండా గంటసేపు నిలబెట్టేవారు. బంట్రోతు చేత ఇంటికి కూరగాయలు మోయించేవారు. జమాబందీ రోజుల్లో లెక్కల కట్టలు చంకన పెట్టుకుని వచ్చిన ముసలి కరణాల్ని పదిమందిలో కసురుకున్న వాళ్లనీ చూశాను. నిండా మునిగినవాడు లోపలికెళ్లి నవ్వుతూ బయటికి రావడమూ చూశాను. అయినా సరే, ఆ పద్ధతే నయమంటాను. తిట్టినా ఎదురుగా కూర్చుని తిట్టారు. తిట్టినాయన ముఖం మనకి కనబడింది, మన ముఖం ఆయనకి కనబడింది. బిక్కచచ్చిన మనిషిని కళ్లతో చూశాక చాలామందికి కలం అంత తేలిగ్గా కదలదు.

కనుక మేనేజర్లయిన కుర్రాళ్లకి నేను చెప్పేదొకటి. పిలిచేటప్పుడు ఎందుకు పిలుస్తున్నారో ఒక్క ముక్క రాయండి. సెలవుల సంగతైతే సెలవుల సంగతని రాయండి, వేళ్లేమీ అరిగిపోవు. మిగతా పిల్లలకి చెప్పేది, నిజంగా ఏదన్నా తప్పు జరిగితే పిలిచేదాకా ఆగకండి. మీరే వెళ్లండి. సంజాయిషీ రాయడం చేతకాకపోతే మా ఇంటికి రండి, నేర్పుతాను. ముందు తేదీ, తర్వాత జరిగింది జరిగినట్టు, ఇంకొకడి మీదకి నెట్టకుండా, చివర క్షమించమని ఒక్క వాక్యం. పేజీ దాటకూడదు. నాలుగు పేజీలు రాసి బయటపడ్డవాణ్ని నేను చూడలేదు. వచ్చేటప్పుడు తెల్ల కాగితం, కలం తెచ్చుకోండి. ఫోనులో టైపు కొట్టి చూపిస్తే నేను చదవను.