నొప్పికి పర్సెంటేజీ ఎంత?

వైకల్య శాతం తేల్చే సదరం శిబిరంలో మోకాలు ఎంత వంగుతుందో, చెవి ఎంత వింటుందో కొలుస్తారు. ఒళ్లంతా సూదులతో పొడుస్తున్నట్టుండే ఫైబ్రోమయాల్జియా మనిషి వస్తే మాత్రం కొలబద్ద ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో వైకల్యాలు 21 రకాలు. ఉత్త నొప్పికి అందులో చోటే లేదు. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 6,000 పింఛను రావాలంటే 40 శాతం వైకల్యం తేలాలి మరి! స్లాటు సంపాదించి, పొద్దుటి నుంచి క్యూలో నిలబడి, మూలుగుతూ మెట్లెక్కి లోపలికెళ్తే డాక్టరు గారి ప్రశ్న: "నడుచుకుంటూనే వచ్చారుగా?" రాకపోతే గైర్హాజరు. అన్నట్టు, ఆ నాలుగడుగుల కోసం రాత్రి మింగిన మాత్రల సంగతి ఏ గడిలో రాయాలండీ అంటే... "నెక్స్ట్!"